చెన్నపట్నం నుంచి ఉత్తరానికి: పడవ ప్రయాణంలో తొలినాడు

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటీవలి కాలంలో చెన్నై తెలుగు కుటుంబాలలో ఒక కొత్త ముచ్చట వినిపిస్తున్నది. విదేశాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొడుకులూ కూతుళ్ళూ తల్లిదండ్రులను రప్పించుకొని, ఐరోపాలో నదీవిహారానికి తీసుకొనిపోతున్నారు. రైన్ నది మీదనో, డాన్యూబ్ నది మీదనో వారం పది దినాలు నౌకలోనే నివాసం. తిరిగివచ్చినవారు తరచు చెప్పేది మొదటి రోజు సంగతి. మధ్యాహ్నం వేళ రేవుకు చేరడం, గది తాళం పుచ్చుకోవడం, పెట్టెలు సర్దుకోవడం, ఆ వెనుక ప్రయాణికులందరినీ ఒకచోట చేర్చడం. అక్కడ విందుకు ముందు, వినోదానికి ముందు, ప్రాణరక్షణ పాఠం జరుగుతుంది. లైఫ్ జాకెట్ ఎట్లా తొడుక్కోవాలో, ఆపద వేళ ఎక్కడ గుమికూడాలో చెప్పి, అందరిచేతా చేయించి చూపుతారు. ఎనభై ఏళ్ళ అవ్వకైనా మినహాయింపు లేదు. ఆ తరువాత పటం పరచి మరునాటి దారి వివరిస్తారు: ఏ ఊరు ఏ వేళకు వస్తుంది, ఏ కోట ఏ ఒడ్డున ఉన్నది, ఏ లాకు దగ్గర నౌక ఎంతసేపు ఆగుతుంది. చూడబోయేదాన్ని ముందుగా చదివించి, పిమ్మట చూపడం వారి పద్ధతి. బడిపంతుళ్ళ మనసుకు నచ్చే పద్ధతి అది.

రైన్ లోయలో కోటలూ ద్రాక్షతోటలూ నిండిన 65 కిలోమీటర్ల భాగాన్ని 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దాని అందాన్ని గురించి చూసివచ్చినవారే చెప్పాలి. ఇక్కడ ప్రస్తావించవలసినది మరొకటి ఉన్నది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్టు వరకు సాగే నౌకలు దారి పొడుగునా నదిలోనే పోవు. జర్మనీ దేశంలో బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ వరకు 171 కిలోమీటర్లు మనుషులు తవ్విన కాలువలో పోతాయి. రైన్, డాన్యూబ్ నదుల పరీవాహకాలను కలపాలని ఎనిమిదవ శతాబ్దిలోనే, 793లో, షార్లమేన్ చక్రవర్తి తవ్వకం మొదలుపెట్టించాడు. పంతొమ్మిదవ శతాబ్దిలో బవేరియా రాజు లుడ్విగ్ ఒక చిన్న కాలువ తవ్వించాడు. ఇప్పటి పెద్ద కాలువ పూర్తయినది 1992లో. మొత్తం పదహారు లాకుల మీదుగా, సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకు ఎక్కి, నౌక మళ్ళీ దిగుతుంది. కొన్ని వంతెనలు ఎంత కిందుగా ఉంటాయంటే, నౌక నడిపే గదినే కిందికి దించుతారు. పైఅంతస్తు కమ్ములను మడిచి, అక్కడ ఎవరినీ నిలబడనివ్వరు.

ఆ కాలువను చూసి అబ్బురపడి, ఛాయాచిత్రాలు తీసుకొని తిరిగివచ్చిన చెన్నై వాసులు తమ నగరం నడుమనే, దాదాపు రెండున్నర రెట్ల పొడవుగల కాలువ ఒకటి ఉన్నదని తలచుకోవడం అరుదు. బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు నెమ్మదించినప్పుడు, కిటికీ పక్కన కూర్చున్నవారు చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని చూసే నల్లటి నీరే ఆ కాలువ. దాని పేరు బకింగ్‌హాం కాలువ. ఉత్తరాన బాపట్ల జిల్లా పెదగంజాం మొదలు దక్షిణాన విళుప్పురం జిల్లా మరక్కాణం వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో, మిగిలినది తమిళనాడులో ఉన్నది. ఈ పాఠశాల తొలి గంట మోగిన నాటికి, అంటే డెబ్బై అయిదేళ్ళ కిందట, ఆ కాలువలో సరుకు పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈనాటి ప్రసంగం ఆ కాలువ మీద ఉత్తరానికి సాగిన పడవ ప్రయాణంలో తొలినాటిని గురించి.

కాలువ కథ ముందుగా కొంత చెప్పుకోవాలి. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో బాసిల్ కోక్రేన్ అనే బ్రిటిష్ వర్తకుడు మదరాసు నుంచి ఎన్నూరు వరకు 11 మైళ్ళ కాలువ తవ్వించాడు. 1806 నాటికి అది సిద్ధమైనది. పెట్టుబడి పెట్టినందుకు ప్రతిఫలంగా పడవల మీద సుంకం వసూలు చేసుకొనే హక్కు ఆయనకు దక్కింది. చాలాకాలం దానిని కోక్రేన్ కాలువ అనే పిలిచేవారు. 1837లో ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొని, పులికాటు సరస్సు దాకా, అక్కడి నుంచి దుగరాజపట్నం, కృష్ణపట్నం వైపు క్రమంగా పొడిగిస్తూ పోయింది. 1876లో మొదలైన ఘోరమైన కరువు కాలంలో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేది అదే, నగరంలో కూవం నదికీ అడయారు నదికీ నడుమ సుమారు 8 కిలోమీటర్ల భాగాన్ని కరువు పనులలో భాగంగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు 1878లో కాలువ అంతటికీ పెట్టారు. కూలికి గంజి తాగి మట్టి మోసినవారి పేర్లు నిలవలేదు. గవర్నరుగారి పేరు మాత్రం స్థిరపడింది. లోకరీతి అట్లాగే ఉంటుంది.

ఇది మదరాసు సంగతి. అక్కడ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయినవి. సర్ ఆర్థర్ కాటన్ దొర కాలువలను సేద్యానికి మాత్రమే ఉద్దేశించలేదు. రైలుదారి కంటె నీటిదారి చవక అని వాదించిన మనిషి ఆయన. అందువల్ల డెల్టా కాలువలన్నింటికీ పడవలు పోవడానికి తగిన లాకులు ఏర్పడినవి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణ నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం వరకు వచ్చింది. అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకొన్నది. ఆ విధంగా కాకినాడలో పడవ ఎక్కినవాడు నేల మీద అడుగు పెట్టనక్కర లేకుండా, సముద్రపు అలలకు భయపడనక్కర లేకుండా, చెన్నపట్నం నడిబొడ్డున దిగగలిగాడు.

బెజవాడ నుంచి మదరాసుకు రైలుదారి ఏర్పడినది 1899లో. అంతకు ముందు కోస్తా తెలుగువారికి రాజధాని రావడానికి ఉన్నవి మూడే దారులు. ఒకటి బండిబాట. రెండవది ఓడ, మదరాసులో రేవు కట్టకముందు ఓడ నడిసముద్రంలోనే ఆగేది, అక్కడి నుంచి మసూలా పడవలలో అలల మీద తూగుతూ ఒడ్డుకు చేరాలి, బట్టలు తడవనివాడు లేడు. మూడవది ఈ కాలువ. 1857లో విశ్వవిద్యాలయం, 1862లో హైకోర్టు ఏర్పడిన తరువాత చదువులకూ వ్యాజ్యాలకూ చెన్నపట్నం రాక తప్పనివారి సంఖ్య పెరిగింది. ఈ సభలో కూర్చున్న ఎన్నో కుటుంబాల పూర్వులు ఈ మూడు దారులలో ఏదో ఒకదానిన ఈ నగరానికి చేరినవారే.

ఇక ప్రయాణం. పూర్వం ప్రయాణమంటే బయలుదేరిన క్షణంలో ఆరంభమయ్యేది కాదు. పంచాంగం చూపించి, వారశూల లేకుండా చూసుకొని, మంచి గడియకు మూటలో ఒకదాన్ని ఇరుగింటనో పొరుగింటనో ఉంచేవారు. దానినే ప్రస్థానం అన్నారు. మనిషి మరునాడో మూడోనాడో బయలుదేరినా, ప్రయాణం ఆ గడియకే మొదలైనట్టు లెక్క. శకునం మాట ఎట్లా ఉన్నా, ఇందులో ఒక వివేకం ఉన్నది. మూట ముందుగానే కట్టినవాడు మరచిపోయిన వస్తువును గుర్తు చేసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

తొలినాటి మజిలీ కురచగా ఉండటం కూడా ఆ వివేకంలోనిదే. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీ రాత్రి, తండయారుపేటలోని తన తోట నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. సుమారు నూరుమంది పరివారం. ఆ రాత్రి ఆయన చేరినది పక్కనే ఉన్న మాధవరం. ఎండాకాలం గనుక రాత్రి ప్రయాణం; తొలి మజిలీ గనుక దగ్గరి ఊరు. ఏదైనా మరచిపోతే మనిషిని ఇంటికి పంపి తెప్పించుకోవచ్చు. ఆ రోజు మంగళవారం. ఉత్తరానికి పోయేవారికి మంగళవారం వారశూల అంటారు. అయినా ఆయన 1831 సెప్టెంబరు 3న క్షేమంగా చెన్నపట్నం తిరిగివచ్చారు. దారిలో గంగానది మీద పడవ ప్రయాణమూ చేశారు. ఆయన లేఖలను కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు. తెలుగు యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథంగా చెప్పుకొనే ఆ పుస్తకం చెన్నపట్నంలో, కాలువకు కూతవేటు దూరంలో, మొదలైనదన్న మాట. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. పాఠశాల గ్రంథాలయంలో ఉండదగిన పుస్తకం.

వీరాస్వామయ్యగారు పల్లకీలో పోయినవారు. సామాన్యులది పడవ. కాలువ పడవకు అడుగు చదునుగా ఉంటుంది, లోతు తక్కువ నీటిలోనూ పోవాలి గనుక. నడిమి భాగాన సరుకు, దాని మీద తాటాకు చాపలతో గూడు. గూటి కింద మనుషులు. దక్షిణపు గాలి వీచే నెలలలో తెరచాప ఎత్తితే ఉత్తరానికి పోయే పడవ హాయిగా సాగేది. ఐప్పసి, కార్తీక మాసాలలో గాలి ఈశాన్యం నుంచి తిరిగేది. అప్పుడు ఉత్తరం నుంచి మదరాసు వచ్చే పడవలకు సుఖం, ఇక్కడి నుంచి వెళ్ళే పడవలకు కష్టం. గాలి లేనినాడు పడవవారు గెడలు వేసి నెట్టేవారు, లేదా తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవారు. అంటే పడవ వేగం మనిషి నడక వేగమే. గూటి కింద పడుకొన్న ప్రయాణికుడికి కనిపించేది ఆకాశం. గట్టు మీద నడిచేవాడికి కనిపించేది తన పాదాల ముందరి బాట. విహారయాత్రల వర్ణనలలో ఈ రెండవవాడి మాట సాధారణంగా ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైన ఏర్పాటు మంచినీళ్ళు. గోదావరి, కృష్ణా కాలువలలో ప్రయాణం చేసేవారు చెంబు ముంచి తాగేవారు. ఇక్కడ అది కుదరదు. బకింగ్‌హాం కాలువ సముద్రానికి ఇంచుమించు ఒక కిలోమీటరు దూరంలో, తీరం వెంబడి పోతుంది. ఏటి ముఖద్వారాల గుండా పోటు నీరు ఇందులోకి వస్తుంది. చుట్టూ నీరే, గుక్కెడు తాగటానికి పనికిరాదు. అందుచేత మూట కంటె ముందు నీళ్ళకుండ పడవలోకి చేరాలి. ఆ వెనుక పులిహోర, పెరుగన్నం, ఊరగాయ, మరునాటికి అటుకులు, పేలపిండి. మైదాన ప్రాంతపు ఆడపడుచు తొలిసారి ఈ దారిన వస్తే, కాలువ నీటితో బియ్యం కడగబోయి నాలుకకు ఉప్పు తగిలిన తరువాతనే సంగతి గ్రహించి ఉంటుంది.

బేసిన్ బ్రిడ్జి దగ్గర పడవ కదిలేది. ఎన్నూరు వైపు నుంచి వచ్చిన ఉప్పును నిలవ చేసిన చోటును నేటికీ సాల్ట్ కొటార్స్ అంటున్నారు. కొఠారు అన్న మాట తెలుగువారికి వివరించనక్కర లేదు. పులికాటు నుంచి గుల్లలు వచ్చేవి. వాటిని కాల్చి చేసిన సున్నంతోనే మదరాసు భవనాల గోడలు పాలరాయివలె మెరిసినవి. శ్రీహరికోట అడవుల నుంచి వంటచెరకు వచ్చేది. నగరంలో పొయ్యి వెలగాలన్నా, పప్పులో ఉప్పు పడాలన్నా, ఇంటికి వెల్ల వేయాలన్నా ఈ కాలువ మీద పడవ రావాలి.

కొరుక్కుపేట, తండయారుపేట దాటితే పట్నం పలుచబడేది. వంతెనలు వచ్చిన చోట తెరచాప కొయ్యను దించి, దాటిన తరువాత మళ్ళీ నిలిపేవారు. జర్మనీ నౌకలో యంత్రంతో జరిగే పని ఇక్కడ నలుగురు మనుషుల భుజాలతో జరిగింది, అంతే భేదం. కుడిచేతి వైపు, చెట్ల మీదుగా, తిరువొత్తియూరు గోపురం. వీణ కుప్పయ్యరు ఆహ్వానం మీద త్యాగరాజస్వామి ఈ ఊరికి వచ్చి, ఇక్కడి త్రిపురసుందరీదేవి మీద అయిదు కృతులు రచించారు. తిరువొత్తియూరు పంచరత్నాలు అని సంగీతజ్ఞులు చెప్పుకొనేవి అవే. తమిళ శైవనాయనార్లు పాడిన క్షేత్రంలో తెలుగు కృతులు పుట్టడం చెన్నపట్నానికి వింత కాదు. అక్కడ రెండు భాషలూ ఒకే కోనేటిలో స్నానం చేశాయి.

ఎన్నూరు దగ్గర కుశస్థలి నది సముద్రంలో కలుస్తుంది. కాలువ ఆ నదిని అడ్డంగా దాటాలి. పోటు ఉన్నప్పుడు నీరు నిండుగా ఉంటుంది, పాటు వేళ పడవ అడుగు బురదకు తగులుతుంది. ఇటువంటి చోట్ల నీటిని నిలబెట్టడానికే లాకులు. లాకు పని చేసే విధం పిల్లలకు తేలికగా చెప్పవచ్చు. రెండు తలుపుల నడుమ ఒక తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపు మూస్తారు. ముందరి నీటిమట్టానికి సమానమయ్యేవరకు తొట్టిలోకి నీరు వదులుతారు, లేక తీస్తారు. సమానం కాగానే ముందు తలుపు తెరుచుకొంటుంది. పడవ మెట్టు ఎక్కినట్టో దిగినట్టో అవుతుంది. జర్మనీలో పదహారు మెట్లు ఎక్కి దిగే నౌకకూ, ఎన్నూరులో ఆగిన గూటిపడవకూ సూత్రం ఒక్కటే.

ఎన్నూరు ఒకప్పుడు మదరాసు దొరలకు విహారస్థలం. వారాంతపు సెలవులకు కాలువ మీద పడవలో వచ్చి, గాలి పీల్చి, చేపల విందు చేసి పోయేవారు. మన విద్యార్థులు ఎన్నూరు అనగానే విద్యుత్కేంద్రాల పొగగొట్టాలను, బొగ్గు బూడిదను తలచుకొంటారు. ఆ కాలపు బాటసారి తలచుకొన్నది ఉప్పుమడులు, మడచెట్లు, బెస్తల గుడిసెలలో దీపాలు.

గాలి అనుకూలించకపోతే తొలినాటి ప్రయాణం అక్కడే ముగిసేది. అనుకూలిస్తే రాత్రంతా సాగి, 25 మైళ్ళ దూరాన పులికాటు చేరేది. తమిళులు పళవేర్కాడు అనే ఆ ఊరిలో డచ్చివారు 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. కోరమండల తీరంలో వారి వస్త్రవ్యాపారానికి అది ప్రధాన స్థానంగా ఉండేది. మదరాసు అనే పట్నం ఇంకా పుట్టకముందే పులికాటు అద్దకపు బట్టలు దేశదేశాలకు ఎగుమతి అయినవి. కోట శిథిలమైనది, చెక్కిన రాళ్ళతో డచ్చివారి సమాధుల తోట మిగిలి ఉన్నది. ఊరికి అవతల సరస్సు. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చిత్తూరు సీమలో పుట్టిన ఆరణి నది ఇందులోనే కలుస్తుంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. శీతకాలంలో వేలకొద్దీ ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. రాత్రి పడవలో నిద్రపోయి, తెల్లవారి గూటి చాప తొలగించి చూసిన బాటసారికి, గోడల మధ్య నుంచి వచ్చినవాడికి, ఒక్కసారిగా అంతులేని నీరు. చెన్నపట్నం వెనుక ఉండిపోయింది. ఇంటి మీది బెంగ మొదట కలిగినదీ, ఊరి మీది ఆశ మొదట పుట్టినదీ అక్కడనే అయి ఉండాలి. ఎటు నుంచి ఎటు పోతున్నాడనేదాన్ని బట్టి.

తక్కిన దారి త్వరగా చెప్పుకోవచ్చు. శ్రీహరికోట సరుగుడు తోపులు, దుగరాజపట్నం, కృష్ణపట్నం, ఇసుకదిబ్బలు, తాటితోపులు, మళ్ళీ ఇసుకదిబ్బలు. అనేక దినాల తరువాత పెదగంజాం లాకు. అక్కడ ఉప్పునీరు ముగిసి కృష్ణ నీరు మొదలవుతుంది. మదరాసు నుంచి తెచ్చుకొన్న కుండను అక్కడ బోర్లించవచ్చు.

ఈ దారి ఒక్కనాడు మూతపడలేదు. రైలు వచ్చిన తరువాత మనుషులు తగ్గారు. లారీలు వచ్చిన తరువాత సరుకు తగ్గింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడటంతో ఒకే ప్రభుత్వం కింద ఉన్న కాలువ రెండు ప్రభుత్వాల పాలైనది. 1960ల నడుమ వచ్చిన తుపానులు గట్లను కోశాయి. పూడిక తీసేవారు కరువైనారు. నగరంలో మురుగునీటికి అదే దారి అయినది. మైలాపూరు వైపు, 1990లలో, కాలువలోనే స్తంభాలు నాటి వాటి మీద రైలు నడిపారు. నీటిదారి మీద రైలుదారి. కాటన్ దొర చూసి ఉంటే ఏమనేవాడో!

అయినా కాలువ తన ధర్మం తాను మానలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఉప్పెన నీటిలో కొంత ఈ కాలువలోకి పారి, తిరిగి సముద్రంలోకి పోయింది. కాలువకు పడమర ఉన్న పల్లెలకు అది ఒక అడ్డుకట్ట అయినది. 2008లో కేంద్రప్రభుత్వం కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఈ కాలువలను, గోదావరి కృష్ణా నదుల భాగాలతో కలిపి, 1,078 కిలోమీటర్ల 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. చెన్నై నగర భాగంలో మాత్రం పడవ తిరిగి రాలేదు.

విహారానికి పడవ ఎక్కాలని పిల్లలు కోరుకోవడం సహజం. తల్లిదండ్రులు తీసుకొనిపోవడమూ సహజమే. ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. 2011లో క్రిస్మస్ పండుగనాడు, ఇదే పులికాటు సరస్సులో విహారానికి వెళ్ళిన పడవ మునిగి 22 మంది మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, పాపికొండలు చూడబోయిన పడవ మునిగి యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. బయటపడినవారిలో పలువురు ఒంటి మీద ఉన్న లైఫ్ జాకెట్ తమను కాపాడిందని చెప్పారు. పాత కాలువ పడవవాడికి తన నీటి లోతు తెలుసు, గాలి తెలుసు, పోటుపాటులు తెలుసు. ప్రయాణికుడికి పడవవాడు తెలుసు. ఆ పరిచయం పోయిన తరువాత దాని స్థానంలో నియమం రావాలి. రైన్ నదిలో మొదటి రోజు విందుకు ముందు పాఠం పెట్టేది ఇందుకే. అక్కడ బుద్ధిగా ఆ పాఠం నేర్చుకొని వచ్చిన పెద్దలు, ఇక్కడ మనవలతో పడవ ఎక్కేటప్పుడు ‘ఏముందిలే, పది నిమిషాలేగా’ అనడం తరచు వినవస్తుంది. జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకూడదు. ఇచ్చిన జాకెట్‌ను ఒడిలో పెట్టుకొని కూర్చోకూడదు. పిల్లవాడు మారాం చేస్తే ఒడ్డునే ఉండిపోవచ్చు.

పాఠశాల విద్యార్థులకు ఈ కాలువను పాఠంగా చెప్పడానికి విదేశయానం అవసరం లేదు. పులికాటు చెన్నై నుంచి రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్లు. పొన్నేరి మీదుగా ఉదయం వెళ్ళి సాయంకాలానికి రావచ్చు. వెళ్ళేముందు పటం పరచి, కోట ఎవరిది, నది ఎక్కడ పుట్టింది, నీరు ఎందుకు ఉప్పన, సరిహద్దు ఎక్కడ, అని తరగతిలో చెప్పి తీసుకొనిపోవాలి. చరిత్ర, భూగోళం, భౌతికశాస్త్రం, తెలుగు వాచకం నాలుగూ ఆ ఒక్క రోజులో ఇమిడిపోతాయి.

దీనికంటె తొందరగా జరగవలసిన పని మరొకటి ఉన్నది. ఈ కాలువ మీద పడవ ప్రయాణం స్వయంగా చేసినవారు, గట్టు మీద నిలబడి పడవలను లెక్కపెట్టినవారు, వంటచెరకు పడవ వచ్చిందని కేక వినగానే రేవుకు పరుగెత్తినవారు, ఇప్పుడు ఎనభై ఏళ్ళకు పైబడి ఉన్నారు. వారిలో కొందరు ఈ పాఠశాల తొలి తరగతుల విద్యార్థులే కావచ్చు. ఈ సభలోనే ఉండవచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వేసవి సెలవులలో ఒక పని అప్పగించబడుతుంది. తమ ఇంటిలోనో వీధిలోనో ఉన్న తాతయ్యను, అమ్మమ్మను, జేజమ్మను కూర్చోబెట్టి అడగాలి. పడవ ఏ రేవులో ఎక్కారు, మనిషికి ఎంత ఇచ్చారు, నీళ్ళకుండ ఎవరు మోశారు, పడవవారు ఏ ఊరివారు, ఏ భాష మాట్లాడారు, రాత్రి దీపం దేనితో వెలిగించారు, మొదటి నాడు ఎక్కడ తెల్లవారింది. జవాబు తమిళంలో వస్తే తమిళంలో విని, తెలుగులో రాయాలి. పెద్దవారికి గుర్తులేనిది కల్పించి రాయకూడదు. ఆ కాగితాలకు తేదీ వేసి, చెప్పినవారి సంతకం తీసుకొని, జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో గ్రంథాలయంలో అందజేయాలి. వాటికోసం ఒక బీరువా ఖాళీ చేసి ఉంచడం జరిగింది.